ఓవర్‌డ్రైవ్ గిటార్ టోన్‌ని కంప్యూటర్‌లో తయారు చేయడం ఎలా?

గిటార్ సిగ్నల్‌ని బాగా పెద్దది చేసి, ఒక హద్దు దాటిన చోట అలల తలలు చదును చేస్తే ఓవర్‌డ్రైవ్ వస్తుంది. కోడ్‌లో ఇది ఒక్క లైను పని. ఆ ఒక్క లైను రాసి గిటార్ వాయిస్తే మాత్రం కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. దాంతో చాలామంది లోపం క్లిప్పింగ్ ఫంక్షన్‌లో ఉందనుకుని దాన్నే మార్చి మార్చి చూస్తారు. అక్కడ దొరికేది తక్కువ. క్లిప్పింగ్‌కి ముందు ఏ ఫ్రీక్వెన్సీలను ఎంతెంత పంపారు, తర్వాత వేటిని తీసేశారు అన్న దగ్గరే టోన్ చాలావరకు తేలిపోతుంది. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ సిగ్నల్ నడిచే వరసలోనే ఉంటాయి.

గిటార్ వాయించడం, కొద్దిగా ప్రోగ్రామింగ్ వస్తే చాలు. ముందు పైథాన్‌లో రికార్డింగుల మీద ప్రయోగాలు చేసి, నచ్చిన తర్వాత జూస్ (JUCE), ఫౌస్ట్ (Faust) లాంటి ఆడియో ప్రోగ్రామింగ్ సాధనాల్లో ప్లగిన్‌గా రాసుకోండి. మొదటి రోజే రియల్‌టైమ్ ప్లగిన్‌తో మొదలుపెడితే తప్పు టోన్‌లో ఉందో, బఫర్లలో ఉందో తెలియక తల వాచిపోతుంది.

మొదటి పని: సరైన సిగ్నల్, సరైన లెవెల్

గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే పెట్టండి. దాన్నే హై-జెడ్ (Hi-Z) అని కూడా రాస్తారు, దాని ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి చూపే నిరోధం, సాధారణంగా 1 మెగాఓమ్ దాకా ఉంటుంది. పికప్ అంటే వేల చుట్లు చుట్టిన కాయిల్. దాని ఇండక్టెన్స్ కొన్ని హెన్రీలు ఉంటుంది. కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ కలుపుతుంది. ఈ రెండూ కలిసి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఒక గుట్ట తయారు చేస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్‌లో మనం వినే మెరుపు అదే. 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ గుట్ట కూలిపోతుంది. ఆ తర్వాత ఎంత ఈక్వలైజర్ వాడినా అది సరిగ్గా తిరిగి రాదు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డ్ చేయండి. గట్టిగా కొట్టినప్పుడు కూడా పీక్ మైనస్ 6 డీబీ దాటకుండా చూసుకోండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే చిన్న లెక్క. రివర్బ్‌కి, ఈక్వలైజర్‌కి సిగ్నల్ ఎంత లెవెల్‌లో వచ్చినా ప్రవర్తన మారదు. ఓవర్‌డ్రైవ్‌కి మారుతుంది. కాబట్టి మీ ఫైల్‌లో 1.0 అనే అంకె అసలు ఎన్ని వోల్టులో తెలిసి ఉండాలి. ఇంటర్‌ఫేస్ మాన్యువల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ గరిష్ఠ లెవెల్ డీబీయూలో ఇస్తారు. గెయిన్ సున్నాలో ఉన్నప్పుడు అది 12 డీబీయూ అనుకుందాం. 0 డీబీయూ అంటే 0.775 వోల్టుల ఆర్‌ఎంఎస్. అప్పుడు 12 డీబీయూ అంటే 3.08 వోల్టుల ఆర్‌ఎంఎస్, సైన్ అల పీక్ 4.36 వోల్టులు. గెయిన్ నాబ్ సున్నాలోనే ఉంచి రికార్డ్ చేసి, ప్రతి శాంపిల్‌నీ 4.36తో గుణిస్తే మీ చేతిలో నిజమైన వోల్టులు ఉంటాయి. ఇది ఒకసారి చేసుకుంటే, పెడల్ సర్క్యూట్లో 0.6 వోల్టుల దగ్గర తెరుచుకుని అలల తలలు కోసే డయోడ్ మీ కోడ్‌లో కూడా సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది.

పరీక్ష కోసం కొన్ని రికార్డింగులు పక్కన పెట్టుకోండి. బొద్దు ఈ (E) తీగ ఒక్కటే మోగించింది, పవర్ కార్డ్, రెండు తీగల మీద మేజర్ థర్డ్, అరచేతితో అదిమి వాయించిన రిఫ్, పై ఫ్రెట్లలో నెమ్మదిగా తీసిన బెండ్, గిటార్ వాల్యూమ్‌ని 10 నుంచి 3కి దించుతూ వాయించిన ఒకే ఫ్రేజ్. కొత్తగా ఏం మార్చినా వీటన్నిటి మీదా విని చూడాలి. ఒక్క రిఫ్ మీద అద్భుతంగా ఉన్న సెట్టింగ్ మిగతా వాటి మీద చేతులెత్తేయడం మామూలే.

రెండో పని: క్లిప్పింగ్‌కి ముందు బాస్ తగ్గించండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలరంటే ఇది చదవండి.

గిటార్ సిగ్నల్‌లో కింది ఫ్రీక్వెన్సీలే ఎక్కువ ఎత్తులో ఉంటాయి. వాటిని అలాగే క్లిప్పింగ్‌లోకి తోస్తే, పైన ఉన్న సన్నని వివరాలన్నీ ఆ పెద్ద అలల మీద కూర్చుని వాటితో పాటే కోసుకుపోతాయి. పైగా రెండు స్వరాలు కలిపి క్లిప్ చేస్తే వాటి ఫ్రీక్వెన్సీల కూడికలు, తీసివేతలు కొత్త శబ్దాలుగా పుడతాయి. దీన్నే ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. పవర్ కార్డ్ తీసుకోండి: ఈ (E) స్వరం 82.4 హెర్ట్జ్, దాని మీద బి 123.5 హెర్ట్జ్. తేడా 41.1, అంటే దాదాపు అదే E స్వరం ఒక ఆక్టేవ్ కింద. చెవికి హాయిగా ఉంటుంది, కార్డ్ ఇంకా బరువుగా వినిపిస్తుంది. అదే E స్వరంతో జి షార్ప్ కలిపితే 103.8 హెర్ట్జ్, తేడా 21.4. ఇది ఏ స్వరానికీ చెందని గుడగుడ. డిస్టార్షన్‌లో పవర్ కార్డ్ గొప్పగా, పూర్తి మేజర్ కార్డ్ బురదగా వినిపించడానికి కారణం ఇదే. క్లిప్పింగ్‌కి ముందు బాస్ తగ్గిస్తే ఈ గుడగుడకి మేత తగ్గిపోతుంది.

1970ల చివర్లో వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ ఇది ఎలా చేస్తుందో చూడటం మంచి పాఠం. సిగ్నల్‌ని పెంచే ఆప్-ఆంప్ చిప్ ఉన్న గెయిన్ భాగంలో 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా ఉంటాయి. రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ అవుతాయి. ఆ కిందకి వెళ్లేకొద్దీ గెయిన్ ఆక్టేవ్‌కి 6 డీబీ చొప్పున తగ్గుతుంది. డయోడ్లు ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి. ఇక్కడే అసలు అందం. నాన్-ఇన్వర్టింగ్ అమరిక కాబట్టి అవుట్‌పుట్ అంటే ఇన్‌పుట్ ప్లస్ డయోడ్ల మీద ఏర్పడిన వోల్టేజ్. అంటే శుభ్రమైన గిటార్ సిగ్నల్ ఎప్పుడూ కింద అలాగే నడుస్తూ ఉంటుంది, దాని మీద క్లిప్ అయిన మిడ్స్ కలుస్తాయి. ఈ పెడల్‌లో వేళ్ల స్పర్శ తెలుస్తుందని వాయించేవాళ్లు చెప్పడం వెనక ఈ కూడిక ఉంది.

కోడ్‌లో ఇలా రాయండి. ఇన్‌పుట్‌ని 720 హెర్ట్జ్ ఒకటో ఆర్డర్ హై-పాస్‌లోంచి పంపండి. వచ్చినదాన్ని గెయిన్‌తో గుణించండి. డ్రైవ్ నాబ్ కనిష్ఠంలో ఫీడ్‌బ్యాక్ రెసిస్టెన్స్ 51 కిలోఓమ్‌లు, గరిష్ఠంలో 551. వాటిని 4.7తో భాగిస్తే గెయిన్ సుమారు 11 నుంచి 117 వరకు. ఫలితాన్ని 0.6తో భాగించి, హైపర్బోలిక్ టాంజెంట్ తీసుకుని, మళ్లీ 0.6తో గుణించండి. చివర్లో అసలు ఇన్‌పుట్ కలపండి. ఇంతే. ఈ కొద్దిపాటి కోడ్, పెద్ద పెద్ద ఫంక్షన్లతో రాసిన క్లిప్పర్ కంటే బాగా వినిపిస్తుంది. సర్క్యూట్లో డయోడ్లకి అడ్డంగా 51 పికోఫారడ్ల కెపాసిటర్ కూడా ఉంది. డ్రైవ్ పూర్తిగా పెంచితే అది 5.7 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి హైస్ తగ్గిస్తుంది. కావాలంటే గెయిన్ తర్వాత అక్కడొక లో-పాస్ పెట్టుకోండి.

మెటల్ వాయించేవాళ్లు హై-గెయిన్ ఆంప్ ముందు ఇదే పెడల్‌ని డ్రైవ్ తగ్గించి, లెవెల్ పెంచి పెడతారు. వాళ్లకి కావాల్సింది పెడల్ డిస్టార్షన్ కాదు, ఆంప్‌లోకి బాస్ తక్కువగా వెళ్లడం.

ఫిల్టర్ 720 దగ్గరే ఉండాలని లేదు. 100 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి అదిమి వాయించిన రిఫ్ మీద మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. బురద పోయి దెబ్బ బిగుసుకున్న చోట ఆగండి. బాస్ కావాలంటే క్లిప్పింగ్ తర్వాత ఈక్వలైజర్‌తో తిరిగి కలుపుకోవచ్చు. అక్కడ పెంచిన బాస్ వల్ల ఏ నష్టమూ ఉండదు.

మూడో పని: క్లిప్పింగ్

హార్డ్ క్లిప్ అంటే హద్దు దగ్గర కత్తితో కోసినట్టు. హైపర్బోలిక్ టాంజెంట్ అయితే మెల్లగా వంగుతుంది. గెయిన్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు రెండూ దాదాపు చదరపు అలే ఇస్తాయి, తేడా పట్టుకోవడం కష్టం. తేడా తెలిసేది గిటార్ వాల్యూమ్ దించినప్పుడు, స్వరం ఆరిపోతున్నప్పుడు. క్లిప్పింగ్‌లోంచి శుభ్రంగా బయటికి వచ్చే ఆ మార్పు ఎంత మెత్తగా ఉందో వినండి. ఫంక్షన్ ఎంచుకోవాల్సింది ఆ క్షణాన్ని బట్టే.

పైనా కిందా ఒకేలా కోస్తే సైన్ అల నుంచి బేసి హార్మోనిక్స్ మాత్రమే వస్తాయి: మూడో, ఐదో, ఏడో రెట్లు. రెండు వైపులా తేడాగా కోస్తే సరి హార్మోనిక్స్ కూడా వస్తాయి. బాస్ (Boss) కంపెనీ 1977లో తెచ్చిన ఓడీ-1, తర్వాతి ఎస్‌డీ-1 పెడల్స్‌లో ఒక వైపు ఒక డయోడ్, మరో వైపు రెండు పెట్టారు. కోడ్‌లో దీనికి తేలిక దారి, టాంజెంట్ లోపల 0.2 లేదా 0.3 లాంటి చిన్న ఆఫ్‌సెట్ కలపడం. అలా చేస్తే డీసీ పుడుతుంది, అంటే అల మొత్తం సున్నా నుంచి ఒక పక్కకి జరుగుతుంది కాబట్టి వెంటనే 10, 20 హెర్ట్జ్ దగ్గర ఒక హై-పాస్ పెట్టాలి.

జెర్మేనియం డయోడ్ సుమారు 0.3 వోల్టుల దగ్గర, సిలికాన్ 0.6 దగ్గర, ఎర్ర ఎల్ఈడీ 1.7 దగ్గర తెరుచుకుంటాయి. వోల్టుల లెక్క ముందే సరిచేసుకున్నారు కాబట్టి ఆ ఒక్క అంకె మారిస్తే డయోడ్ మార్చినట్టే, మొదటి అంచనాకి.

నాలుగో పని: ఏలియాసింగ్‌ని వదిలించుకోవడం

అనలాగ్ పెడల్‌కి లేని, డిజిటల్‌కి మాత్రమే ఉన్న జబ్బు ఇది. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో 24 కిలోహెర్ట్జ్ పైన ఏమీ నిలవదు. క్లిప్పింగ్ మాత్రం ఆ హద్దుని పట్టించుకోకుండా హార్మోనిక్స్ పుట్టిస్తుంది. హద్దు దాటినవి అద్దంలో ప్రతిబింబంలా వెనక్కి మడుచుకుని వస్తాయి. 5 కిలోహెర్ట్జ్ సైన్ అలని గట్టిగా క్లిప్ చేస్తే మూడో హార్మోనిక్ 15 దగ్గర ఉంటుంది, ఫరవాలేదు. ఐదోది 25, అది 23 దగ్గరికి వస్తుంది. ఏడోది 35, వచ్చేది 13కి. తొమ్మిదోది 45, అది 3 కిలోహెర్ట్జ్‌కి వచ్చి కూర్చుంటుంది. చెవి బాగా వినే చోటు అదే. చదరపు అలలో తొమ్మిదో హార్మోనిక్ మూల స్వరానికి 19 డీబీ మాత్రమే కింద ఉంటుంది కాబట్టి స్పష్టంగా వినిపిస్తుంది.

మీ ప్లగిన్‌లో ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి బెండ్ రికార్డింగ్ పెట్టి వినండి. స్వరం పైకి వెళ్తుంటే వెనకాల ఏదో కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది ఏలియాసింగే.

మందు ఓవర్‌శాంప్లింగ్. క్లిప్పింగ్ భాగానికి ముందు శాంపిల్ రేట్‌ని 4 లేదా 8 రెట్లు పెంచండి, క్లిప్ చేయండి, లో-పాస్ ఫిల్టర్‌తో 20 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా తీసేసి తిరిగి 48కి దించండి. మొత్తం ప్లగిన్‌ని పెద్ద రేట్‌లో నడపనక్కర్లేదు, క్లిప్పింగ్ ఒక్కటే చాలు. మామూలు ఓవర్‌డ్రైవ్‌కి 4 రెట్లతో పని జరుగుతుంది, హై-గెయిన్‌కి 8 పెట్టుకోండి. లీనియర్ ఫేజ్ ఫిల్టర్లు ఆలస్యం పెంచుతాయి. వాయిస్తూ వినాల్సిన ప్లగిన్‌కి మినిమమ్ ఫేజ్ లేదా హాఫ్-బ్యాండ్ ఐఐఆర్ ఫిల్టర్లు మేలు.

రెండో దారి యాంటీడెరివేటివ్ పద్ధతి. క్లిప్పింగ్ ఫంక్షన్ ఇంటిగ్రల్‌ని ఇప్పటి శాంపిల్ దగ్గర, కిందటి శాంపిల్ దగ్గర లెక్కించి, వాటి తేడాని రెండు శాంపిల్స్ తేడాతో భాగించాలి. హైపర్బోలిక్ టాంజెంట్‌కి ఆ ఇంటిగ్రల్ హైపర్బోలిక్ కొసైన్ లాగరిథమ్. రెండు శాంపిల్స్ మరీ దగ్గరగా ఉంటే సున్నాతో భాగించే ప్రమాదం ఉంది. అప్పుడు వాటి సగటు దగ్గర మామూలు ఫంక్షన్ విలువ వాడండి. ఈ పద్ధతి అర శాంపిల్ ఆలస్యం చేస్తుంది. ట్యూబ్ స్క్రీమర్ తరహాలో శుభ్రమైన సిగ్నల్‌ని కలిపేటప్పుడు దాన్ని కూడా అంతే ఆలస్యం చేయాలి, లేకపోతే పై ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. 2 రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో కలిపి వాడితే ప్రాసెసర్ మీద భారం తక్కువ, ఫలితం బాగుంటుంది.

ఐదో పని: తర్వాతి ఫిల్టర్లు, స్పీకర్

క్లిప్పింగ్ తర్వాత వచ్చే శబ్దంలో పై హార్మోనిక్స్ చాలా ఉంటాయి. ట్యూబ్ స్క్రీమర్‌లో 1 కిలోఓమ్, 0.22 మైక్రోఫారడ్‌లతో 723 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ ఉంటుంది, టోన్ నాబ్ ఆ పోయిన హైస్‌ని కొంత వెనక్కి తెస్తుంది. ముందు 720 దగ్గర బాస్ తగ్గించడం, వెనక 723 దగ్గర హైస్ తగ్గించడం: ఆ పెడల్‌కి పేరు తెచ్చిన మిడ్ గుట్ట ఇలా పుట్టింది.

అన్నిటికంటే పెద్ద ఫిల్టర్ స్పీకర్. 12 అంగుళాల గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. స్పీకర్ లేకుండా డిస్టార్షన్‌ని హెడ్‌ఫోన్‌లో విని దాని మీద తీర్పు చెప్పకండి. ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్ (నిజమైన స్పీకర్ స్పందనని మైక్‌తో పట్టిన చిన్న రికార్డింగ్) ఒకటి తీసుకుని, దానితో మీ సిగ్నల్‌ని కన్వల్యూషన్ చేయండి. 48 కిలోహెర్ట్జ్‌లో 2048 శాంపిల్స్, అంటే సుమారు 43 మిల్లీసెకన్లు, క్యాబినెట్‌కి సరిపోతాయి. ఫైల్ శాంపిల్ రేట్ మీ ప్రాజెక్ట్ రేట్‌తో కలవకపోతే ముందు మార్చుకోండి, లేదంటే స్పీకర్ సైజే మారినట్టు వినిపిస్తుంది. మైక్ కోన్ మధ్యలో ఉన్న ఫైల్ పదునుగా, అంచు వైపు ఉన్నది మెత్తగా ఉంటాయి. టోన్ గరగరలాడుతోందనిపిస్తే ఈక్వలైజర్ ముట్టుకునే ముందు ఫైల్ మార్చి చూడండి.

ఆరో పని: పెడల్ నుంచి ఆంప్‌కి

వాల్వ్ ఆంప్‌లో క్లిప్పింగ్ ఒక చోట కాదు, వరసగా మూడు నాలుగు చోట్ల కొంచెం కొంచెంగా జరుగుతుంది. కాబట్టి ఒకే క్లిప్పర్‌కి 60 డీబీ గెయిన్ ఇవ్వకండి. 20 డీబీ గెయిన్, మెత్తని అసమాన క్లిప్, హై-పాస్, కొంచెం లో-పాస్. మళ్లీ గెయిన్, మళ్లీ క్లిప్. వాల్వ్ ప్రతి దశలోనూ సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది. మీరూ ప్రతి దశ తర్వాత మైనస్ 1తో గుణించండి. అప్పుడు మొదటి దశ పై భాగాన్ని నొక్కితే రెండోది కింది భాగాన్ని నొక్కుతుంది. ఈ గుర్తు మర్చిపోయిన మోడల్స్ ఒకవైపే ఒరిగి పల్చగా వినిపిస్తాయి.

గట్టిగా కొట్టినప్పుడు పవర్ సప్లై వోల్టేజ్ పడి మెల్లగా కోలుకుంటుంది, దీన్ని సాగ్ అంటారు. సిగ్నల్ ఎన్వలప్‌ని కొలిచి, అది పెరిగినప్పుడు చివరి క్లిప్పర్ హద్దుని కొద్దిగా తగ్గించండి. కొన్ని పదుల మిల్లీసెకన్లలో తిరిగి లేచేలా పెట్టండి. చేతికి తెలిసేంత చాలు, చెవికి పంప్ అయినట్టు తెలిస్తే ఎక్కువైనట్టు.

నిజమైన పెడల్‌ని అచ్చంగా దింపాలంటే

రెండు దారులున్నాయి. ఒకటి సర్క్యూట్‌ని లెక్కగా రాయడం. డయోడ్‌కి షాక్లీ సమీకరణం వాడతారు, ఎంత వోల్టేజ్‌కి ఎంత కరెంట్ పారుతుందో అది చెబుతుంది. 1ఎన్4148 డయోడ్‌కి సాచురేషన్ కరెంట్ సుమారు 2.5 నానోఆంపియర్లు, ఐడియాలిటీ సంఖ్య 1.75 దగ్గర పెట్టుకోవచ్చు. ప్రతి శాంపిల్‌కీ న్యూటన్ పద్ధతితో పరిష్కరించాలి. కిందటి శాంపిల్ జవాబునే తొలి అంచనాగా తీసుకుంటే మామూలుగా నాలుగైదు అడుగుల్లో తేలుతుంది. ఆల్ఫ్రెడ్ ఫెట్వైస్ రూపొందించిన వేవ్ డిజిటల్ ఫిల్టర్లు ఇదే పనిని చిన్న చిన్న ముక్కలుగా చేయనిస్తాయి. ఈ దారిలో నాబ్‌లన్నీ నిజంగా పనిచేస్తాయి. అది పెద్ద లాభం.

రెండోది న్యూరల్ క్యాప్చర్. స్టీవెన్ అట్కిన్సన్ తయారు చేసిన న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితం, ఓపెన్ సోర్స్. ఇచ్చిన కొన్ని నిమిషాల టెస్ట్ ఫైల్‌ని మీ పెడల్‌లోంచో ఆంప్‌లోంచో వాయించి, వచ్చినదాన్ని రికార్డ్ చేసి, ఆ జతతో నెట్‌వర్క్‌ని ట్రెయిన్ చేయాలి. తప్పు కొలతని ఈఎస్ఆర్ అంటారు: తేడా శక్తిని అసలు సిగ్నల్ శక్తితో భాగించగా వచ్చేది. 0.01 వస్తే తేడా 20 డీబీ కింద ఉన్నట్టు, చాలా పనులకి అది మంచి ఫలితమే. మామూలు క్యాప్చర్ నాబ్‌లని ఉన్నచోటే బంధిస్తుంది. డ్రైవ్ మార్చాలంటే మళ్లీ క్యాప్చర్ చేయాలి.

ఇంటర్‌ఫేస్ నుంచి పెడల్‌కి పంపేటప్పుడు రీ-ఆంప్ బాక్స్ (లైన్ సిగ్నల్‌ని గిటార్ సిగ్నల్‌లా మార్చే పెట్టె) వాడండి, లెవెల్ మళ్లీ వోల్టుల్లో సరిచూసుకోండి. ఫజ్ ఫేస్ లాంటి పాత తరహా ఫజ్ పెడల్‌తో ఒక చిక్కు ఉంది. దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా తక్కువ కాబట్టి గిటార్ పికప్ కూడా ఆ సర్క్యూట్లో భాగమైపోతుంది. గిటార్ వాల్యూమ్ కొద్దిగా దించితే ఫజ్ శుభ్రపడే గుణం అందులోంచే వస్తుంది. క్యాప్చర్‌లో అది దొరకదు. అలాంటి పెడల్‌కి పికప్‌తో సహా సర్క్యూట్ మోడల్ రాయడమే నయం.

చివరి పని: విని సరిచేయడం

రెండు సెట్టింగులను పోల్చే ముందు వాటి శబ్దం స్థాయి సమానం చేయండి, అర డీబీ లోపల. కొంచెం గట్టిగా ఉన్నదే బాగుందని చెవి చెప్పేస్తుంది, గెయిన్ పెంచితే శబ్దమూ పెరుగుతుంది కాబట్టి ఈ మోసం ఓవర్‌డ్రైవ్‌లో మరీ ఎక్కువ. ప్లగిన్‌లో డ్రైవ్ నాబ్ పెరిగేకొద్దీ అవుట్‌పుట్ దానంతటదే తగ్గేలా రాసుకుంటే ఈ బెడద తీరుతుంది.

బఫర్ 128 శాంపిల్స్ అయితే 48 కిలోహెర్ట్జ్‌లో ఒక బఫర్ ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. లోపలికీ బయటికీ కలిపి, ఫిల్టర్ల ఆలస్యంతో సహా 10 మిల్లీసెకన్ల లోపు ఉంచండి. స్వరం ఆరిపోయాక ప్రాసెసర్ వాడకం హఠాత్తుగా పెరిగితే అది డీనార్మల్ అంకెల (సున్నాకి అతి దగ్గరగా ఉండే అంకెల) పని, వాటిని సున్నా చేసే సెట్టింగ్ ఆన్ చేయండి.

ఇక డ్రమ్స్, బాస్ గిటార్ ఉన్న ట్రాక్‌లో పెట్టి వినండి. ఒంటరిగా నిండుగా ఉన్న గెయిన్ అక్కడ ఎక్కువైపోతుంది. పికింగ్ దెబ్బ మళ్లీ వినబడేదాకా డ్రైవ్ దించండి. ఒకే రిఫ్‌ని రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెడుతుంటే ఇంకా కొంచెం దించండి. రెండు గిటార్ల హార్మోనిక్స్ కలిసి ఆ తగ్గించిన గెయిన్‌ని నింపేస్తాయి.